దించని చెయ్యి

మా కొత్త ఇంటి వరండాకి ఆరు మెట్లు. గేటు నుంచి మెట్ల దాకా ఇరవై రెండు అడుగుల సిమెంటు బాట. దిగిన రోజే టేపు పెట్టి కొలిచాను. పదిహేడేళ్లు బ్యారక్‌లో మంచానికీ మంచానికీ మధ్య జాగాని అంగుళాల్లో పంచుకున్నవాణ్ణి. ఇదంతా నా ఒక్కడికే అంటే నమ్మకం కుదరలేదు.

సార్జెంటు నుంచి లెఫ్టినెంటు. కింది నుంచి అంత పైకి వచ్చేవాళ్లు మా దళంలో ఏడాదికి ఒక్కరుంటే గొప్ప. ర్యాంకుతో పాటు ఇల్లు వచ్చింది. గేటుకి ఇత్తడి పలక వచ్చింది. బూట్లు తుడిచే మనిషి వచ్చాడు. క్యాంటీన్లో క్యూ పోయింది. రైలు పాసు మొదటి తరగతికి మారింది. అయితే మొదటి ఆరు నెలలూ పరీక్షా కాలం. ఈలోగా ఏ మచ్చ పడినా ఇవన్నీ వెనక్కి ఇచ్చేసి మళ్లీ బ్యారక్‌కి పోవాలి.

బ్యారక్‌లో నా పక్క మంచం ఒక ట్రక్కు డ్రైవరుది. వాణ్ణి అందరూ స్టీరింగు అనేవారు. నిద్రలో కూడా చేతులు తిప్పుతాడని ఆ పేరు. నన్ను బావా అనేవాడు, నా భార్యని చెల్లెమ్మా అనేవాడు. నేను పెట్టె సర్దుకుంటుంటే మంచం మీద కూర్చుని వేళాకోళమాడాడు.

"రేపట్నుంచి బావా అంటే జైల్లో పెట్టిస్తావా?"

"యూనిఫాంలో ఉన్నప్పుడు అనకురా. ఇంటికొస్తే నీ ఇష్టం."

"అయితే సెల్యూటే కొడతా. కానీ నువ్వు బదులు ఎత్తేదాకా నేను చెయ్యి దించకూడదు, గుర్తుంచుకో. నా భుజం అసలే షెడ్డుకి పంపాల్సిన బండి."

ఇద్దరం నవ్వుకున్నాం.

మూడో నెలలో కల్నల్‌నీ ఆయన భార్యనీ భోజనానికి పిలిచాను. రెండూ నలభై అయిదుకి వరండాలో కాఫీ తాగుతున్నాం. కల్నల్ నా ఇత్తడి పలకని మెచ్చుకుని, కప్పులోకి చూస్తూ అన్నాడు: "కింది నుంచి వచ్చినవాళ్లతో ఒకటే చిక్కు. పాత స్నేహాలు వదలరు."

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర స్టీరింగు కనిపించాడు.

కళ్లు ఎర్రగా ఉన్నాయి. చొక్కా మీద చెమట ఎండి తెల్లటి చారలు కట్టింది. రెండు రాత్రులు వరసగా సరుకు తోలి పొద్దున్నే దిగాడని నాకు తెలుసు. మూడింటికి మళ్లీ కొండదారి డ్యూటీ ఉందనీ తెలుసు. ఆ వారం వాహనాల విభాగానికి అధికారిని నేనే. డ్రైవర్ని తప్పించాలంటే నా సంతకం కావాలి. ఎడం చేతిలో కాగితం పట్టుకుని, కుడిచేత్తో సెల్యూట్ చేసి నిలబడ్డాడు.

నేను కాఫీ పాత్ర అందుకుని కల్నల్ కప్పు నింపాను.

నా భార్య వంగి చెవిలో అంది. "ఏవండీ, అన్నయ్య గేటు దగ్గర ఎండలో నిలబడ్డాడు."

"చూశాలే."

చూశాను కాబట్టే ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఎనిమిది నిమిషాలు. కల్నల్ భార్య బిస్కెట్లు బాగున్నాయంది. ఆ ఎనిమిది నిమిషాలూ వాడి చెయ్యి నుదుటి దగ్గరే ఉంది. బండ్ల షెడ్డు వైపు నుంచి డ్యూటీ ఈల వినిపించింది. మళ్లీ తల తిప్పేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. చెయ్యి దించడం నేను చూడలేదు.

నాలుగూ పదికి ట్రక్కు లోయలో పడింది.

మర్నాడు ఆసుపత్రిలో శవాల గది మనిషి నన్ను పక్కకి పిలిచాడు. ఫినాయిలు వాసన, దాని కింద డీజిలు వాసన. గొంతు తగ్గించి అన్నాడు. "కుడిచెయ్యి లొంగలేదు సార్. నుదుటి దగ్గరే బిగిసిపోయింది. మూత పడక లోతైన పెట్టె తెప్పించాం."

డాక్టరు అదేం వింత కాదన్నాడు. దెబ్బ నుంచి తల కాచుకోబోయి ఉంటాడన్నాడు.

విచారణ అధికారి ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగాడు. "డ్యూటీ తప్పించమని అతను మీ దగ్గరికి వచ్చాడా?"

"లేదు సర్."

రెండోసారి కూడా అదే చెప్పాను. మొదటిసారి కన్నా స్పష్టంగా. వచ్చాడంటే మచ్చ నాకు. రాలేదంటే డ్రైవరు నిర్లక్ష్యం. నిర్లక్ష్యమని తేలితే వాడి భార్యకి పెన్షన్‌లో సగం పోతుంది, ఈమధ్యే వాళ్లకి వచ్చిన క్వార్టరు నెల తిరక్కుండా ఖాళీ చెయ్యాలి. మూడు రోజుల్లో వాంగ్మూలం టైపు చేసి పంపుతామనీ, ఏమైనా మార్చాలంటే సంతకం లోపే మార్చుకోవాలనీ అన్నాడు.

ఆ సాయంత్రం నా భార్య అడిగింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పారా?"

"అడిగినదానికి చెప్పాను."

ఆమె మర్నాడే స్టీరింగు భార్యకి తోడుగా ఉంటానని వెళ్లిపోయింది. మధ్యాహ్నాలు ఇంట్లో నేనొక్కణ్ణే.

మొదటి మధ్యాహ్నం వరండాలో పేపరు చదువుతున్నాను. వీధి నిండా ఎండ. ఎక్కడో నల్లా చుక్కలు చుక్కలుగా కారుతోంది. డీజిలు వాసన వచ్చింది. బండి చప్పుడు మాత్రం లేదు. తలెత్తాను. గేటు అవతల వాడు నిలబడి ఉన్నాడు, చెయ్యి నుదుటి దగ్గర పెట్టుకుని. లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. గడియారం చూశాను. రెండూ నలభై అయిదు.

రెండో మధ్యాహ్నం కిటికీలోంచి చూశాను. గేటు వేసే ఉంది. వాడు మెట్ల కింద ఉన్నాడు. ఎండ నేరుగా మీద పడుతున్నా ముఖం మాత్రం నీడలో ఉన్నట్టుంది. చొక్కా మీద చారలు అలాగే ఉన్నాయి. మోచెయ్యి సన్నగా వణుకుతోంది, చాలాసేపు ఎత్తి పట్టుకున్న చెయ్యి వణికినట్టు. అది చూసి నాకు భయం కన్నా ముందు సిగ్గేసింది.

మూడో రోజు వాంగ్మూలం వచ్చింది. ముందు గదిలో బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. అయిదింటికి మనిషి వచ్చి తీసుకెళతాడు. తలుపులన్నీ గడియ వేసి ఉన్నాయి. యూనిఫాంలోనే ఉన్నాను.

నల్లా చుక్కలు ఆగిపోయాయి.

డీజిలు వాసన... ఈసారి గది లోపలే.

వాడు బల్లకి అవతల ఉన్నాడు. నాలుగడుగుల దూరం. కుర్చీ తోసుకుని లేచాను. వెనక్కి జరిగాను. ఇంకా జరిగాను. వీపు గోడకి తగిలింది. మడమలూ తగిలాయి. ఇక పోవడానికి చోటు లేదు.

వాడి ఛాతీ కదలడం లేదు. చెయ్యి మాత్రం వణుకుతోంది.

"బావా..." అన్నాను. వాణ్ణి నేనెప్పుడూ అలా పిలవలేదు. "వెళ్లిపోరా."

పోలేదు. ఏం కావాలో నాకు తెలుసు. బదులుగా నేను చెయ్యెత్తాలి. ఎత్తితే ఆ బల్ల మీద కాగితం మార్చాలి. ఒకటి చేసి రెండోది మానడం కుదరదు. చెయ్యి కదిపాను. బెల్టు దాటింది... రెండో గుండీ దాకా వచ్చింది...

వీధిలో కల్నల్ జీపు చప్పుడు.

కిటికీ తెర తీసి ఉంది. ఖాళీ గదిలో గోడకి అతుక్కుని సెల్యూట్ చేస్తున్న కొత్త లెఫ్టినెంటుని ఆయన చూస్తే? ఆ క్షణంలో నేను ఆలోచించింది అదే. చెయ్యి గుండీ దగ్గరే ఆగిపోయింది.

జీపు వెళ్లిపోయింది.

అప్పుడు వాడి చెయ్యి దిగింది. పరేడులో దిగినట్టు, ఒక్క ఊపులో.

నేను ఎత్తలేదు. నా చెయ్యి ఇంకా గుండీ మీదే ఉంది.

వాడు నన్ను చూడటం లేదని అప్పుడు గమనించాను. వాడి చూపు నా ఎడమ భుజం మీదుగా పోతోంది, కాస్త పైకి... నా కన్నా పొడవైన మనిషి ముఖంలోకి చూస్తున్నట్టు.

"థాంక్యూ సార్," అన్నాడు. నాతో కాదు.

వెనక్కి తిరిగి నడిచాడు. గడియ తీసిన చప్పుడు లేదు. మెట్ల మీద బూట్లు మాత్రం వినపడ్డాయి. లెక్కపెట్టాను. ఆరు.

అయిదింటికి మనిషి వచ్చాడు. వాంగ్మూలం మీద ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టి ఇచ్చాను. నెలాఖరుకి ఆ క్వార్టరు ఖాళీ అయింది. ఆరు నెలలూ నిండాక నా ర్యాంకు ఖాయమైంది.

వాడు మళ్లీ రాలేదు. వాడి పని అయిపోయింది.

ఆ మధ్యాహ్నం నేను ఆనుకున్నది తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. దాని అవతల గది లేదు, వీధి లేదు, రెండు నిలువుల లోతు వాలు ఉంది. వీపుకీ గోడకీ మధ్య కాగితం దూర్చే సందు లేదు. అయినా వాడు చెయ్యి దించిన మరుక్షణం నా ఎడమ చెవి వెనక బట్ట గరగరలాడింది. గంజి పెట్టిన చొక్కా చెయ్యి, సెల్యూట్‌కి బదులిచ్చి మెల్లిగా కిందికి దిగేటప్పుడు చేసే చప్పుడు.