పైన ఎవురప్పా?

జమ్మలమడుగు నుంచి ఎర్రబోడుకు పోయే బండ్లబాట పక్కన, తంగేడు పొదల నడుమ రైతు గురుమూర్తి పాతర ఒకటుండేది. దానికున్న చెడ్డపేరు యముడికి కూడా లేదు. పొద్దు గూకినాక ఆ బాటలో ఆంబోతు సైతం తోక ముడుచుకొని నడిచేది. ఆ గట్టున గడ్డి మేసిన ఎనుము ఒకటి మూడేండ్లు పాలకు బదులు మజ్జిగే ఇచ్చిందట. తాగినవాళ్ళే చెప్పినారు గనక నమ్మాల్సిందే.

పాతర అంటే జొన్నలు దాచుకునే నేలగొయ్యి. నోరు చూస్తే మనిషి భుజాలు పట్టేంత. కడుపు మాత్రం ఇల్లంత. పెద్ద కుండను మెడదాకా భూమిలో పూడ్చినట్టుంటుంది. నోటి మీద బండ వేసి మట్టి కప్పేస్తే లోపల జొన్నలకూ నిశ్చింత, పైన ఊరికీ నిశ్చింత.

ధాత కరువు నాడు ఇద్దరు దొంగలు దాని మీద పడినారట. ఒకడు మోకు పట్టుకొని లోపలికి దిగినాడు. రెండోవాడు పైనుండి గంపలు అందుకున్నాడు. యాభై గంపలు అందినాక... బండ మూసి పోయినాడు.

అప్పటి నుంచీ చీకట్లో ఆ పక్కగా పోతే, కింద నుంచి ఒక గొంతు —

"పైన ఎవురప్పా?"

పలికితే పోయినట్టే. పలకకుంటే... తెల్లారేదాకా చెవిలో అడుగుతానే ఉంటుంది.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు ఆ పాతరలోకి దస్తగిరి దిగినాడు. ఆ చుట్టుపక్కల ఏ పాతర తీసినా దిగేది అతడే. అంత సన్నటి మనిషి జిల్లాలో లేడు. అతడు ఎండలో నిలబడితే, పడాలా వద్దా అని నీడ ఆలోచించేది. ముందురోజే బండ తీసి గాలి పోనిచ్చినారు. బుడ్డి వెలిగించి దించి, దీపం ఆరలేదని చూసుకున్నారు. అంతా పద్ధతి ప్రకారమే. దస్తగిరి లోపల గంపలు నింపుతుంటే పైన తోటి కూలి వలి బాషా, గురుమూర్తి జీతగాడు ఇద్దరూ లాగుతున్నారు.

పదిహేనో గంపకు పడమట ఆకాశం నల్లబడింది.

పాతర గింజకు తడి తగిలితే ఏడాది తిండి బూజుపాలు. "వానప్పో! మూయండి, మూయండి!" అని గురుమూర్తి కేక పెట్టినాడు. ఒకడు బండికి ఎద్దుల్ని కట్టె, ఒకడు బండ దొబ్బె. దస్తగిరి ముందే ఎక్కి బండి కింద నిలబడినాడని వీడనుకున్నాడు. ఊళ్ళోకి పోయినాడని వాడనుకున్నాడు. సన్నటి మనిషితో అదే తంటా. ఉన్నా లేనట్టే ఉంటాడు.

వాన వెలిసి, పొద్దు గూకి, గురుమూర్తి ఇంట్లో అందరికీ ఆకులు వేసినాక ఒక ఆకు ముందర మనిషి లేడు. అప్పుడు తెలిసింది.

అంతసేపూ దస్తగిరి మోకాళ్ళదాకా జొన్నల్లో దిగబడి, కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో నిలబడి ఉన్నాడు. బాట మీద అడుగుల చప్పుడు వినబడినప్పుడల్లా గొంతు చించుకొని అరిచినాడు —

"పైన ఎవురప్పా?"

ఆ సాయంత్రం ఆ బాటన పోయినవాళ్ళు పదకొండు మంది. పదకొండు మందీ చెప్పులు విడిచి పరిగెత్తినారు. వాళ్ళల్లో ధనలక్ష్మి అనే ఆమె ఎర్రబోడుకు పోవాల్సింది, ప్రొద్దుటూరులో తేలింది.

లాంతర్లు పట్టుకొని వచ్చి మనిషిని తీసినారు. ప్రాణం ఉంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. "అదృష్టవంతుడివి పో!" అన్నారు.

ఆ రాత్రే కల వచ్చింది.

మోకాళ్ళదాకా జొన్నలు. తల మీద సంగటి ముద్దంత ఆకాశం. ఆ ఆకాశం మీదికి బండ జరుగుతుంది... నిదానంగా... ఎవరూ తోయకుండానే. అరుద్దామంటే గొంతు లేవదు. జొన్నలు నడుముకొస్తాయి. రొమ్ముకొస్తాయి. గడ్డం కిందికొచ్చినాక ఒక్క మాట పెగులుతుంది —

"పైన ఎవురప్పా?"

పైన ఎవరూ లేరు.

మరుసటి రాత్రీ అదే. ఆ మరుసటి రాత్రీ అదే. ఒక్క గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు.

అతని పెండ్లాం ఖమర్‌బీ గొంతు విప్పితే పెన్న అవతలి ఒడ్డున బట్టలుతికే వాళ్ళు "ఆఁ?" అనేవాళ్ళు. అంతటి మనిషి, చేయని మందు లేదు. దిండు కింద కత్తి పెట్టింది. కత్తి మీద చెప్పు పెట్టింది. చెప్పు మీద చీపురు, చీపురు మీద వేపమండలు, పులివెందుల ఫకీరు ఇచ్చిన తాయెత్తుల మూట. దిండు లేచీ లేచీ, దస్తగిరి పండుకుంటే కూచున్నట్టే ఉండేది. కల కూడా కూచోనే వచ్చేది.

రెండు నెలలైంది. ఉన్న పిడికెడు కండా కరిగిపోయింది. తలుపు మూస్తే ఊపిరాడదని వీధిలో పండుకున్నాడు. ఆకాశం కిందా బండే జరిగింది. పాతర మాట వస్తే లేచి దూరంగా పోయేవాడు. పగలు నడుస్తూ నడుస్తూనే కునికి, ఒకరోజు ప్రొద్దుటూరు బస్సు కింద పడబోయినాడు. వలి బాషా చొక్కా పట్టి లాగకుంటే అంతే. ఇంకో నెల ఇట్లాగే పోతే మనిషి దక్కడని ఖమర్‌బీకి అర్థమైంది. ఆ రోజు ఆమె అరవలేదు. దానికే శానా భయం వేసింది ఊరికి.

మంత్రసాని మస్తానమ్మను పిల్చుకొచ్చింది. జమ్మలమడుగు తాలూకాలో సగం మందిని ఆమే బయటికి లాగింది. మిగతా సగం ఆమె కేకకు భయపడి వాళ్ళే వచ్చినారు.

మస్తానమ్మ వక్కాకు నములుతూ కలంతా వినింది. మళ్ళీ చెప్పమనింది. మళ్ళీ వినింది.

"రే అబ్బీ, కలలో పైన ఎవురుండారు?"

"ఎవురూ లేరవ్వా. అదే గదా నా బాధ!"

"లేకుంటే పెట్టుకోరాదా?"

"పెట్టుకునేదేందవ్వా?"

"కల నీదా, గురుమూర్తిదా? ఆయప్పను అడిగి పెట్టుకోవాల్నా?" మస్తానమ్మ వక్కాకు ఊసింది. "నీకు నిజంగా జరిగిన దాన్నే నీ మనసు రోజూ దంచతాండాది. ఆ పొద్దు తొందర్లో నిన్ను మరిచిపోయిరి. అంతే. దాంట్లో దెయ్యమూ లేదు, నా బొందా లేదు. రోజూ పొద్దుండంగానే వాకిట్లో కూచొని ఆ కలను గట్టిగా చెప్పు. బండ మూసేకాడికి వచ్చినాక నీ పెండ్లాన్ని పైన నిలబెట్టు. మోకు దించి లాగుతాది."

ఖమర్‌బీ నోరు తెరిచింది. "నేనా! నాకు ఆ బండ యాడ లేచ్చాదవ్వా?"

"కలలో బండకు బరువుండదు లేమే."

"మడి, ఈయప్పకుండదా?"

"ఈయప్పకు మెలకువలోనే లేదు!"

అప్పటి నుంచి సాయంత్రమైతే వాకిట్లో ఇదే భాగోతం. దస్తగిరి కండ్లు మూసుకొని చెప్పేవాడు. జొన్నలు గడ్డం కిందికి రాగానే "పైన ఎవురప్పా?" అనేవాడు. వెనకనుంచి ఖమర్‌బీ పెన్న అదిరేటట్టు, "నేనుండా మామా! మోకు పట్టుకో!" అనేది. వీధిలో జనం మొదట నవ్వినారు. తర్వాత ఈతచాపలు తెచ్చుకొని కూచున్నారు. పదో రోజుకు ఊరంతా ఒక్క గొంతుతో "పట్టుకో!" అంటుంటే కాకులు తుమ్మచెట్లు విడిచి కమలాపురం పోయినాయి.

కల మాత్రం కదల్లేదు. పన్నెండు రాత్రులు బండ మూసుకునింది. పదమూడో రాత్రి మూసుకుంటా మూసుకుంటా... వేలెడు సందు మిగిలింది.

ఆ వేలెడు వెలుతురు చూసి దస్తగిరి పొద్దున ఏడ్చినాడు.

ఇరవయ్యో రాత్రి జొన్నలు రొమ్ముకాడ ఆగినాయి. ముప్పయ్యో రాత్రి, పైన ఎవరో నడిచినట్టనిపించింది. గాజుల చప్పుడో... గాలో.

ముప్పైమూడో రాత్రి.

మోకాళ్ళదాకా జొన్నలు. తల మీద ఆకాశం. బండ జరిగింది... జరిగింది... పూర్తిగా మూసుకునింది. వేలెడు సందు కూడా లేదు.

చీకటి.

గింజలు నడుముకొచ్చినాయి. గడ్డం కిందికొచ్చినాయి. దస్తగిరి ఆశ వదులుకున్నాడు. అయినా అలవాటు కొద్దీ, గుసగుసగా —

"పైన... ఎవురప్పా?"

ఏమీ లేదు.

ఏమీ లేదు.

గాజులు గలగలమన్నాయి.

బండ కిర్రుమంటా పక్కకు జరిగింది. వెలుతురు కాదు, ముందు మోకు పడింది, భుజం మీద దెబ్బ తగిలేటట్టు. పైనుంచి, ఎప్పుడూ లేనంత మెల్లగా, ఒక గొంతు —

"నేనుండా. పట్టుకో."

పట్టుకున్నాడు. జొన్నలు కాళ్ళ కింద జారిపోతున్నాయి. పైకి... ఇంకా పైకి... సగంలో మోకు ఆగిపోయింది. పైన ఎవరో రొప్పుతున్నారు. మోకు జర్రున మూరెడు కిందికి జారింది. దస్తగిరి రెండు చేతులా మోకును కరుచుకున్నాడు. జారిన మోకు ఎక్కడో గట్టిగా నిలబడింది. ఒక మూలుగు. మళ్ళీ పైకి. మెడకు గాలి తగిలింది. తంగేడు పూల వాసన —

కండ్లు తెరిచినాడు.

చెమట లేదు. దడ లేదు. మూడు నెలల మీద మూడు రోజులకు, కడుపునిండా నిద్రపోయిన మనిషి మాదిరి ఒళ్ళు తేలిగ్గా ఉంది. "మే, ఖమరూ! అయిపోయిందిమే!" అని పక్కకు తిరిగినాడు.

కింద పడక ఖాళీ.

తలుపు తెరిచి ఉంది. వెన్నెల్లో మెట్టు మీద, వీపు ఇటు పెట్టి ఖమర్‌బీ కూచోనుంది.

"ఈడేం చేస్తాండావు?"

ఆమె తిరగలేదు. "పుల్ల మాదిరుండావులే అనుకుంటి. రేపట్నుంచి నీకు సంగటి ఒక్క ముద్దే."

"ఎందుకే?"

అప్పుడు రెండు చేతులూ వెన్నెల్లోకి చాపింది. అరచేతులు అడ్డంగా ఒరుసుకపోయి, ఎర్రగా పచ్చిగా ఉన్నాయి. గాట్లలో నార పీచులు ఇంకా అతుక్కొని ఉన్నాయి.

నిద్ర కలవరంలో మంచం నులక పట్టుకొని లాగుంటుందిలే అనే తెలివైనవాళ్ళు ఆ ఊళ్ళో ఇప్పటికీ ఉండారు. కావచ్చు. మంచం మీద పండుకునేది దస్తగిరి. ఖమర్‌బీ పండుకునేది ఈతచాప మీద.

ఆమె అరచేతుల మీద ఉఫ్ ఉఫ్ మని ఊదుకుంటా అనింది:

"ఇంగోసారి దిగేటప్పుడు ముందే చెప్పు మామా. చేతులకు గుడ్డ చుట్టుకొని పండుకుంటా."