దెబ్బలు తినే వాద్యం

"దీన్ని మీకు తిరిగివ్వను."

చెక్కసామాను బాగుచేసే దుకాణంలో, ఒళ్లంతా రంపపు పొట్టుతో నిలబడి ఆ అమ్మాయి అంత మాట అనేసరికి నిచ్చెన ఉలిక్కిపడ్డాడు. మనిషి పొడుగని స్నేహితులు పెట్టిన పేరది. మూడు రోజుల కిందట పగిలిన వాద్యాన్ని పసిబిడ్డలా అందుకున్న అమ్మాయేనా ఈమె?

ఆరింటికి అతని బృందం మొదటిసారి పెద్ద వేదిక ఎక్కాలి. ఇన్నాళ్లూ కాఫీ హోటళ్లలో వాయించిన రాక్ అండ్ రోల్, అదీ రాకబిల్లీ అనే పాతకాలపు పద్ధతి ఊపుతో, ఇవాళ ఊరంతా వినబోతోంది. ఆ ఊపంతా ఈ నిలువెత్తు తీగవాద్యం, డబుల్ బేస్‌దే. అది లేని కచేరీ పెళ్లికొడుకు లేని పెళ్లే.

"ఎందుకివ్వరండీ? పగులు అతికించారుగా?"

"అతికించాను. మరి ఇవేంటి?" తీగల కింద నల్లచెక్క మీద వందలాది గుర్తులు వేలితో చూపించింది. "జారిపడితే ఎలా ఉంటుందో, కొడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. దీన్నెవరో రోజూ కొడుతున్నారు."

"నేనే."

నిజం చెప్పడం మంచిదే. కాకపోతే వేళ చూసి చెప్పాలి.

"సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నారు!"

"అయ్యో, కొడితేనే కదండీ అది పలికేది!"

"పిల్లల్ని కొట్టేవాళ్లూ అదే అంటారు."

కొండలా దువ్విన జుట్టుతో పాటగాడు గుమ్మంలోంచి తొంగిచూశాడు. బృందంలో వాణ్ణి జుట్టుపోలిగాడంటారు.

"ఒరేయ్, చినుకులు మొదలయ్యాయిరా! నా జుట్టు తడిసిందా, పాట లేదు. తెమలరా బాబూ!"

నిచ్చెన గుండె చిక్కబట్టుకున్నాడు. "మీ ముందే వాయిస్తానండీ. దానికి నొప్పెట్టిందని మీకనిపిస్తే, మీరే ఉంచేసుకోండి."

"మాట మీదుంటారా?"

"ఉంటాను."

వాద్యం మెడకు నుదురు ఆనించి ఓ క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత తీగ లాగి వదిలి, అరచేత్తో చరిచాడు. దుమ్ టక, దుమ్ టక! గోడకున్న ఉలులు గలగలలాడాయి. బల్ల మీది పొట్టు ఎగిరెగిరి పడింది.

లోపలిగదిలోంచి ఆమె తండ్రి వచ్చాడు. దేవుడి పాట తప్ప మరో పాట పాటే కాదనే పెద్దాయన. తిడదామనే వచ్చాడు పాపం. ఈలోగా ఆయన కుడికాలు ఆయన్ని అడక్కుండానే తాళం వేయసాగింది. సంతోషాన్ని ఒక్క తాళంలోనే దాచిపెట్టానని ఆ పైవాడు ఎన్నడైనా చెప్పాడా?

అమ్మాయి దగ్గరికొచ్చి చెక్కకు చెవి ఆనించింది. నిచ్చెన చెయ్యి ఒక దెబ్బ తప్పింది.

"నొప్పి కాదు," అంది మెల్లగా. "నవ్వుతోంది."

"అయితే తీసుకెళ్లనా?"

"తీసుకెళ్లండి. అతుకింకా పచ్చిగా ఉంది, విడిపోవచ్చు. పక్కన నేనుండాలి."

"నిన్ననే ఆరిపోయిందన్నావు కదమ్మా?" అన్నాడు తండ్రి.

"నాన్నా!"

పెద్దాయన కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు, గొడుగు తీశాడు. "వానగాలి కదా. నేనూ వస్తాలే, అతుకు చూడ్డానికి."

ఆ సాయంత్రం మూడో పాటకే జనం కుర్చీల్లోంచి లేచారు. ఆఖరి పాటకు ఎవరూ కూర్చుని లేరు. అతుకు చెక్కుచెదరలేదు.

తెర వెనక పెద్దాయన నిచ్చెన భుజం తట్టాడు.

"బాబూ, దుకాణంలో వాయించేముందు తల వంచావని మా అమ్మాయి చెప్పింది. దేవుణ్ణి ఏం కోరావు?"

నిచ్చెన చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం చెప్పడం మళ్లీ చేతకాలేదు.

"ఆవిడ దీన్ని ఉంచేసుకుంటే, దీంతోపాటు నన్ను కూడా ఉంచేసుకోవాలని."

జుట్టుపోలిగాడు ఈల వేశాడు. పెద్దాయన కళ్లద్దాలు తీసి తీరిగ్గా తుడుచుకున్నాడు.

"దేవుడు వాద్యం ఇప్పించాడుగా. తక్కినదానికి నా అడ్డు లేదు. అమ్మాయినడుగు."

ఆమె వంగి, అతుకు మీద వేలితో రాసి చూసింది. అక్కడ చూడాల్సిందేమీ లేదు.

"రోజూ తీసుకురండి," అంది తలెత్తకుండా. "ఈ అతుకు ఇప్పట్లో ఆరేలా లేదు."