కడిగి పంపిన బండి

"మట్టయ్య సార్... మట్టయ్య సార్..."

చేతిలో సర్వీసు కార్డు చూసి రెండోసారి పిలిచాక గానీ స్వప్నకు గుర్తు రాలేదు. మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసే మట్టయ్య, కోదాడ రోడ్డు మీద కారుతో సహా లారీ కిందికి దూసుకెళ్లి చనిపోయి ఇరవై రోజులైంది. ఆయన కార్డు ఇవాళ్టి కట్టలోకి ఎట్లా వచ్చింది?

సూర్యాపేట కార్ల షోరూంలో మధ్యాహ్నమే చీకటి. ముసురు. కరెంటు లేదు. కొత్త సీట్ల వాసన, షాంపూ వాసన, వాటి అడుగున ఎక్కడో... కాలిన రబ్బరు వాసన.

బ్రేకుల్లో లోపముందని కంపెనీయే ఒప్పుకుంది. ఉచితంగా మారుస్తామని అందరికీ ఫోన్లు చేయించింది. పార్టులు మాత్రం పంపలేదు. మేనేజర్ శ్యాంసుందర్ దానికో మందు కనిపెట్టాడు. బండిని తళతళా కడిగించి, కార్డు మీద 'మార్చాం' అని ముద్ర గుద్దించి, తాళాలతో పాటు ఓ ప్లాస్టిక్ గులాబీ ఇప్పించేవాడు. కస్టమర్లు మన చుట్టాలని ఆయన తియ్యగా చెప్తుంటే ఒకప్పుడు స్వప్న కరిగిపోయేది. ఆ ఇస్త్రీ చొక్కా, ఆ నవ్వు! ఇప్పుడా నవ్వు చూస్తే తిని పారేసిన విస్తరి గుర్తొస్తోంది. నమ్మొచ్చా బిడ్డా అని మట్టయ్య అడిగినప్పుడు, నిశ్చింతగా పోండని చెప్పింది మాత్రం తనే. పాపం, సర్వీసు ఎలా ఉందన్న కాగితంలో పదికి పది మార్కులేసి పోయాడు.

తర్వాతి కార్డు సాంసన్‌ది. తిరుమలగిరిలో టీచరు. నెలలు నిండిన భార్య సరితను కోదాడ దవాఖానకు తీసుకుపోవాలి. ఆమె అప్పుడే బండెక్కి కూర్చుంది. జర జల్దీ తాళాలియ్యమని సాంసన్ చెయ్యి చాపాడు.

"నవ్వుకుంట ఇయ్యి," శ్యాంసుందర్ వెనక నుంచి గొణిగాడు. "మార్కులు అడుగుడు మర్వకు."

అప్పుడే స్వప్న ఫోను మోగింది. తెర మీద మట్టయ్య నంబరు.

ఎత్తింది. అవతల వాన. ఎవరో ఆగకుండా బ్రేకు పెడల్ తొక్కుతున్న చప్పుడు. దబ్... దబ్... దబ్...

"అప్పుడు పదేసిన బిడ్డా..." గుసగుస. "ఇప్పుడెన్ని ఎయ్యాలె?"

ఫోను జారిపోయింది.

అద్దం అవతల సాంసన్ బండి. వెనక సీట్లో సరిత, కళ్లు మూసుకుని. ముందు, స్టీరింగు దగ్గర... ఎవరో కూర్చున్నారు. తాళాలింకా స్వప్న చేతిలోనే ఉన్నాయి. బండి వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. ఆరాయి. వెలిగాయి. బండి మెల్లగా, చప్పుడు లేకుండా, రోడ్డు వైపు కదిలింది.

"ఆమెను దించుండ్రి సార్," స్వప్న గొంతు షోరూమంతా వినబడింది. "మీ బండికి బ్రేకు మార్చలే. మట్టయ్య సారుకు గూడ మార్చలే. ముద్ర నేనే గుద్దిన."