కొండ మీదికి తిరిగొచ్చిన రాకుమారుడు

రాజధాని అంతననరివో శుక్రవారం సంతలో, తెల్ల గొడుగు కింద ఉల్లిపాయలు బేరమాడుతూనే చరిత్ర ప్రొఫెసర్ ఒరిగిపోయాడు. సైలెన్సర్ తుపాకీ. పక్కనే ఉన్న ఏజెంట్ సులుఫు చెవిలో ఆఖరి మాట చెప్పి కళ్ళు మూశాడు.

"వచ్చే మూటలో బాంబుందట సార్," అన్నాడు సులుఫు ఆఫీసుకు చేరగానే.

సీక్రెట్ సర్వీస్ చీఫ్ కర్నల్ రమనిత్ర కుర్చీలో కదిలాడు. "ఏ మూట? తెల్లవాళ్ళు దేశం దాటించిన రాకుమారుడి అస్థికలా?"

"అవే. ఆదివారం కొండ మీది పాత రాజమందిరానికి తెస్తున్నారు. కేబినెట్ మొత్తం అక్కడే ఉంటుంది. వాళ్ళు పోతే ఊళ్ళో గొడవలు, మనల్ని కాపాడే నెపంతో రేవులో విదేశీ ఓడలు."

"అయితే ఏమంటావ్? పూర్వీకుడి ఎముకలకు చుట్టిన పట్టుబట్ట విప్పమంటావా?"

"విప్పాలి సార్."

"విప్పినవాణ్ణి మా ఆవిడే నరుకుతుంది. రుజువు తే."

చిక్కంతా అక్కడే. ఈ ఊళ్ళో మంత్రి జేబులు తడుముతారు గానీ చచ్చినవాడి బట్ట విప్పి చూడరు. శత్రువుకు ఆ సంగతి బాగా తెలుసు.

ఆదివారం సులుఫు డోలువాడి వేషంలో ఊరేగింపులో కలిశాడు. బూటు మడమలో రేడియో ఉంది. బ్యాటరీలకు ఇండెంట్ పెట్టాడు, రాలేదు. అంటే సాయానికి ఎవరూ రారు. ఈ సర్వీసు మీద అతనికి ఆశ పోయి చాలాకాలమైంది.

మూట ముందు వుహంగి నడుస్తోంది. పట్టు శాలువ, ఎర్రటి పెదవులు, చూసినవాడి మతిపోయే అందం. సర్వీసులో ఉద్యోగం చేస్తూనే విదేశీ ఎంబసీలోని కల్చరల్ అటాషే బ్రెసాక్‌కు ఫైళ్ళు అందించే డబుల్ ఏజెంట్. రాకుమారుడి మునిమనవరాలు కూడా.

"కొండ మీద చలిగా ఉందా?" సులుఫు కోడ్ అడిగాడు.

"వెయ్యిమంది కాపలా ఉంటే చలేమిటి?" అంది అలవాటుగా. ఒకప్పుడు కాపలా ఉన్న ఆ వెయ్యిమంది సైనికుల వల్లే ఊరికి అంతననరివో, అంటే వెయ్యిమంది ఊరు, అని పేరొచ్చింది. "పట్టుకోవడానికొచ్చావా?"

"అమ్మేశావు కదా మమ్మల్ని."

"మార్చుకున్నాను. మీ పనికిమాలిన ఫైళ్ళిచ్చి మా తాతయ్యను తెచ్చుకున్నాను. ఆయనకోసం సమాధిలో చోటు అట్టే పెట్టి, ఎదురుచూసి పోయింది మా అమ్మమ్మ."

"మోసేవాళ్ళను చూడు వుహంగీ."

వెనక క్లారినెట్లు, డోళ్ళు హోరెత్తుతున్నాయి. జనం చిందులేస్తున్నారు. మూట మోస్తున్న బ్రెసాక్ మనుషులు మాత్రం గుడ్ల బుట్ట ఎత్తుకున్నట్టు మెల్లగా అడుగులేస్తున్నారు.

"మనవాళ్ళెవరైనా తాతను అలా మోస్తారా? భుజాల మీద ఎగరేసి ఆడించరూ?"

వుహంగి వెనక్కి నడిచి మూట ఆపించింది. ఇంటి కబుర్లు చనిపోయినవాళ్ళకు చెప్పుకునే మనవరాలిని ఎవరు కాదంటారు? "తాతయ్యా, నేనే," అంటూ బట్టకు చెంప ఆనించింది. లోపల గడియారం కొట్టుకుంటోంది.

బ్రెసాక్ ఆమె పక్కకు వచ్చాడు. "అరవకు. ఎముకలు కూడా అందులోనే ఉన్నాయి. ఒట్టు. నోరు మూసుకుని కొండ దిగిపో."

వుహంగి సులుఫు వైపు చూసింది. అతను డోలుతో మోసేవాడి మోకాలి మీద కొట్టాడు. ఇద్దరూ మూట లాక్కుని పడమటి కొండచరియ వైపు పరుగెత్తారు. పూర్వం రాణిగారి ఆజ్ఞ మీద మనుషుల్ని తోసిన చోటది. కింద రాతిగని, ఆదివారం ఖాళీ. పాపిష్టివాళ్ళంటూ జనం రాళ్ళు విసురుతున్నారు.

అంచుదాకా వచ్చాక సులుఫు చేతులు బిగుసుకుపోయాయి. పూర్వీకుణ్ణి లోయలో పారేయడం అతనివల్ల కాలేదు.

"వదులు," అంది వుహంగి. "ఆయన మా తాత, నీ తాత కాదు."

తనే తోసింది. మూట గని అడుగుకు చేరకముందే పేలింది. కొండ అదిరింది.

పొగలోంచి పట్టుపీలికలు పైకి లేచాయి. వుహంగి అంచున మోకాళ్ళ మీద కూర్చుని వాటినే చూస్తోంది.

"సులుఫూ, ఆయన అందులో ఉన్నాడంటావా, లేడంటావా?"

ఆ సంగతి ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు. సులుఫు ఆమె పక్కన కూర్చున్నాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

దౌత్య పాస్‌పోర్టుతో బ్రెసాక్ సాయంత్రం విమానం ఎక్కేశాడు. కొండ మీది ఆ చప్పుడు రాకుమారుడికి సైనిక ఫిరంగితో చేసిన గౌరవ వందనమని రేడియో చెప్పింది. మన సైన్యానికి పేలే ఫిరంగి ఒకటుందని ఊరికి ఆరోజే తెలిసింది.