నిలకడ తూకం

తూము చక్రానికి గ్రీజు రాస్తున్నంతసేపూ లస్కరు దానయ్య పేరయ్యనే తిట్టుకున్నాడు. చుండూరి పేరయ్య. ఆనాడు అర్జీ రాసి పెట్టినవాడూ వాడే, ఇవాళ ఆ అర్జీతోనే మూడొందల ఇళ్ళ నోట్లో మట్టి కొడుతున్నవాడూ వాడే.

పొద్దు బారెడెక్కింది. తూము నెత్తిన మాటకట్టు యంత్రం పచ్చదీపం వెలిగించుకుని ఇళ్ళ మాటలు ఏరుకుంటోంది. ఆయకట్టులో ఇంటికో మాటబిళ్ళ. పొద్దున్నే నొక్కాలి. మాటకట్టు తీర్పు చెప్పాక లస్కరు చక్రం తిప్పాలి. యంత్రం తనంతట తాను తిప్పకూడదట, మనిషి చెయ్యి పడాలట. ఆ చెయ్యి పక్కచూపులు చూడకుండా లస్కరు తన భూమి హామీ పెట్టాలి. దానయ్య పెట్టాడు. గట్టు మీంచి కనబడే ఆ పచ్చటి చేను తప్ప అతనికి ఇంకేమీ లేదు.

సముద్రం ఎగదన్ని శివారు పొలాల్లో ఉప్పు పేరుకుంది. తూము ఎత్తి మంచినీళ్ళు వదిలితే నారు బతుకుతుంది. మూసి ఉంచితే రొయ్యల చెరువులకు ఉప్పునీళ్ళు నిలుస్తాయి. నారు వాళ్ళు మూడు వందల పన్నెండు ఇళ్ళు. పేరయ్యతో కలిపి రొయ్యల వాళ్ళు పదకొండు.

పేరయ్య తుండుగుడ్డ దులుపుకుంటూ గట్టెక్కాడు.

"ఏం బావా, చక్రానికి తలంటు పోస్తన్నావా?"

"నీ రొయ్యలకి పోసేముందు చెయ్యి అలవాటు చేసుకుంటన్నా."

మాటకట్టు గొంతు సవరించుకున్నట్టు కీచుమంది. "ఎత్తవలెనన్న ఇళ్ళు మూడు వందల పన్నెండు. నిలకడ ఒక రోజు. తూకం మూడు వందల పన్నెండు. మూయవలెనన్న ఇళ్ళు పదకొండు. నిలకడ ఇరవై తొమ్మిది రోజులు. తూకం మూడు వందల పందొమ్మిది. తూము మూయవలెను."

దానయ్య చేతిలో గ్రీజు గుడ్డ అలాగే ఉండిపోయింది. "మూడొందల ఇళ్ళకంటే పదకొండిళ్ళు ఎట్టా ఎక్కువరా?"

"ఏడేళ్ళ కిందట ఈ మాట అడిగావా? పాలెం పందొమ్మిదిళ్ళు మూడొందలకి తీసిపోవని నువ్వేగా అన్నావు. నీ నోరు చెప్పింది, నా చెయ్యి రాసింది."

అబద్ధం కాదు. అప్పట్లో ఊరంతా ఒక్కటై పాలెం తాగునీటి గొట్టానికి రోజూ బిరడా బిగించేది. తలలు లెక్కపెట్టడం కాదు, ఎవరు ఎన్నాళ్ళు ఒకే మాట మీద నిలబడ్డారో చూడండని దానయ్య సభలో అరిచాడు. అయిదో తరగతిలో బడి మానినవాడికి అర్జీ రాయడం ఎక్కడొస్తుంది? పేరయ్య రాశాడు. అదే, ఇళ్ళను రోజులతో హెచ్చవేసే నిలకడ తూకం అయింది. పాలెం వాళ్ళు నేటికీ అదే మాట నొక్కుతున్నారు. ఆ గొట్టాన్ని ఇక ఎవరూ ముట్టుకోలేరు.

"దాహమూ రొయ్యలూ ఒకటేనంట్రా?"

"మాటకట్టుకి దాహం తెలవదు బావా, రోజులు తెలుసు. మీ మూడొందల మందీ ఏం చేశారు? ఓ రోజు ఎగువ తూమన్నారు, ఓ రోజు దిగువ తూమన్నారు. పెళ్ళి భోజనాలని ఓ రోజు నొక్కడమే మర్చిపోయారు. మేం జొరంతో మూలుగుతా కూడా నొక్కాం."

అదీ అబద్ధం కాదు. అక్కడే దానయ్య బుర్ర తిరిగింది. మందను నమ్మితే పాలెం గొంతు ఎండింది. పట్టును నమ్మితే నారు ఎండుతోంది. రెండిట్లో తను తప్పు చేసింది ఎక్కడ? ఎంత వెనక్కి తవ్వుకున్నా ప్రతిసారీ తను న్యాయమే మాట్లాడినట్టుంది.

చక్రం పక్కన తుప్పు పట్టిన సందేహ మీట ఉంది. లాగితే అన్ని ప్రశ్నల మీదా పేరుకున్న నిలకడ సున్నా అయిపోతుంది. జనం బిళ్ళలు పక్కనపెట్టి, గట్టు మీదికొచ్చి, ఒకరి మొహం ఒకరు చూస్తూ చెయ్యెత్తాలి. లాగిన లస్కరు హామీ భూమి ఊరి ఉమ్మడిలో కలుస్తుంది. ఇప్పటిదాకా ఏ తూము మీదా ఎవరూ లాగలేదు.

దానయ్య చూపు ఎటు పోయిందో పేరయ్య కనిపెట్టాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు. "దాని జోలికి పోకు. పాలెం గొట్టం కూడా మళ్ళీ మంద చేతికి పోద్ది."

"తెలుసు."

"నీ చేను పోద్ది."

"తెలుసు."

"మరి తెలవంది ఏంటి?"

"ఎవడిది న్యాయమో తెలవట్లా. తెలవకుండా ఇంకోసారి తిప్పలేను."

మీట బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులా పట్టుకుని లాగాడు. పచ్చదీపం ఆరిపోయింది. ఊళ్ళో బిళ్ళలన్నీ ఒక్కసారే మోగాయి.

జనం బురదకాళ్ళతో గట్టెక్కడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు వచ్చింది పాలెం సుభద్ర, ఖాళీ బిందె చంకన పెట్టుకుని.

"మా గొట్టం నీకేం అన్నాయం చేసింది దానయ్యా? నీళ్ళిప్పించినోడివి నువ్వేగా!"

మాటకట్టు మళ్ళీ కీచుమంది.

"హామీ జప్తు. లస్కరు దానయ్య. ఒక ఎకరం పద్దెనిమిది సెంట్లు."