గంట మోగించే లైను

ఆదివారం మధ్యాహ్నం. బయట ముసురు పట్టింది. ఆఫీసులో కొలబద్ద తప్ప నరమానవుడు లేడు. ఆ పేరు ఆమెకు తోటివాళ్ళు పెట్టింది. కంప్యూటర్ కోడులో ఒక్క లైను వంకరగా కనబడినా ఆవిడకు ముద్ద దిగదు మరి.

ఆసుపత్రుల్లో రోగి ఊపిరిని కనిపెట్టుకుని ఉండే యంత్రానికి వాళ్ళు కోడు రాస్తారు. ఊపిరి ఆగితే యంత్రం గంట కొట్టాలి. ఆపరేషన్ అయిన ఆమె చెల్లెలు కూడా ప్రస్తుతం అలాంటి యంత్రం పక్కనే పడుకుని ఉంది. చెల్లెలికి తగిలించిన దాంట్లో ఇంత వంకర కోడా అని ఆమెకు ఒకటే కంపరం.

ఆ ఫైలు ఒక పెద్దాయనది. లైను ముందు ఖాళీ వదలడానికి అందరూ స్పేసులు కొడితే, ఆయన ట్యాబ్ మీట నొక్కేవాడు. వాళ్ళు కోడు రాసే భాషలో లైను ఎంత లోపలికి జరిగి ఉందన్నదాన్ని బట్టే అది ఏ షరతు కింద పనిచేయాలో తేలుతుంది. అందుకే, "అమ్మాయ్, నా ఫైలు జోలికి మాత్రం వెళ్ళకు," అని బతిమాలేవాడు. ఆమె వింటేనా. మీటింగులో ఆయన లైన్లను గోడంత తెర మీద వేసి, "తాతగారి పళ్ళలా లేవూ?" అని అందరినీ నవ్వించేది. ఆయనా నవ్వలేక నవ్వేవాడు పాపం. మొన్నీమధ్యే గుండె ఆగి కన్నుమూశాడు. అడ్డు తొలగిందనుకుంది ఆమె.

ఇవాళ కోడు రాసే ఎడిటర్‌లో, ఖాళీలను దానంతటదే సరిదిద్దే ఆటో ఫార్మాట్ పెట్టి సేవ్ నొక్కింది. ఫైలంతా చిటికెలో చక్కబడింది. మారినవి ఖాళీలే కదా, పరీక్షించడం దేనికని నేరుగా ఆసుపత్రుల్లోని యంత్రాలకు పంపేసింది. అప్పటికి గాని ఆమె కడుపు చల్లబడలేదు.

టక్.

పెద్దాయన కూర్చునే మూల నుంచి. అక్కడ ఖాళీ కుర్చీ. కీబోర్డు కూడా తీసేశారు... వేళ్ళ నొప్పులకు ఆయన రాసుకునే మందు వాసన గుప్పుమంది.

తెర వైపు తిరిగింది. గంట మోగించే లైను జరిగి ఉంది. "ఊపిరి ఆగితే" అన్న షరతు కింద ఉండాల్సింది, ఇంకా లోపలికి పోయి "తీగ ఊడితే" అన్న దాని కింద దూరింది. ఇక రోగికి తగిలించిన తీగ ఊడితే తప్ప గంట మోగదు. ఊపిరి ఆగినా మోగదు.

వెనక్కి లాగింది. సేవ్. టక్... మళ్ళీ లోపలికి. ఆటో ఫార్మాట్ ఆపేసింది. లాగింది. సేవ్. టక్... పాత ఫైలు తెచ్చి పెట్టింది. టక్.

చెవి పక్కన వెచ్చగా ఎవరిదో ఊపిరి.

"ఇప్పుడు వరసగా ఉందా, అమ్మాయ్?"

ఆమె తల తిప్పలేదు. ఆసుపత్రిలో చెల్లి దగ్గరున్న అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, యంత్రాన్ని నమ్మకు. చెల్లి ఊపిరి చూడు. నర్సును పిలువు."

"నెమ్మదిగా మాట్లాడవే, అందరూ పడుకున్నారు," అమ్మ గుసగుసలాడింది. "ఇందాకటి నుంచీ గంట గోల కూడా లేదు. హాయిగా నిద్రపోతోంది."

"ముట్టుకుని చూడమ్మా..."

అమ్మ గాజులు గలగలమన్నాయి.

"చేతులు చల్లగా ఉన్నాయే. ఉండు, దుప్పటి కప్పుతాను... ఇదేమిటి, అన్ని మంచాలూ వరసలో ఉంటే దీన్నొక్కదాన్నే ఎవరో లోపలికి జరిపారు?"

చక్రాలు కిర్రుమన్నాయి. అమ్మ గొంతులో ఆయాసం.

"లాగుతున్నానే... మళ్ళీ అటే పోతోంది."