పొద్దు గూకాక అందిన పాట

నెబ్రాస్కా మొక్కజొన్న చేల నడుమ ఉన్న లోవెల్ క్రీక్ రేడియో స్టేషన్‌ది పగటి బతుకు. రాత్రయితే దాని అలలు ఎక్కడెక్కడికో పాకి పెద్ద స్టేషన్ల మీద పడతాయట. అందుకని పొద్దు గూకగానే నోరు మూసుకోమన్నది ప్రభుత్వం షరతు. ఓటో అనే ఆసామి ఆ స్టేషన్ పెట్టిన నాటి నుంచీ అంతే. ఆనాడు కొత్తగా వచ్చిన పాటలే ఈనాటికీ వేస్తారు. పాటలు పాతబడ్డాయి, వినేవాళ్లు పాతబడ్డారు, ఓటో పోయాడు. చివరికి మిగిలింది అర్లీన్ ఒక్కతే.

పొద్దున ధాన్యం ధరలు, మధ్యాహ్నం చావు కబుర్లు, నడుమ పాటలు... అన్నిటికీ ఆమె గొంతే. చావు కబురు చదివాక, పోయినవాళ్లకు ఇష్టమైన పాట ఒకటి వెయ్యడం అక్కడి ఆనవాయితీ. ఊళ్లో ఎవరు ఏ పాటతో సాగిపోతారో ఆమెకు కంఠతా వచ్చు. తన పాటేదో మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. అనుకునే తీరికేదీ?

భర్త లాడ్‌ది ఓ పాత వాల్ట్జ్ నాట్యపు పాట. పెళ్లినాడు ఇద్దరూ కలిసి ఆడింది దానికే. డాక్టర్లు చేతులెత్తేసిన రోజున ఆమె ఆ రికార్డును స్టేషన్ బీరువాలోంచి తీసి తన సంచిలో వేసుకుంది. అది మోగితే కదా, ఆయన పోయేది! పిచ్చేనని ఆమెకూ తెలుసు. అయినా ఆ సంచిని వదిలి ఎక్కడికీ వెళ్లడం లేదు.

ఆ జనవరి సాయంత్రం మంచు కురుస్తోంది. రాత్రంతా లాడ్ పక్కన జాగారం, పగలంతా మైకు ముందు చాకిరీ. ఒళ్లు పులిసిపోయింది. ఓ పొడుగాటి రికార్డు పెట్టి, ఒక్క క్షణమే అనుకుని బల్ల మీద తల వాల్చింది.

మెలకువ వచ్చేసరికి కిటికీ నల్లగా ఉంది. మాడిన కాఫీ వాసన, వేడెక్కిన దుమ్ము వాసన. పాట ఎప్పుడో అయిపోయింది. సూది ఒకే చోట గరగరలాడుతోంది. ప్రసారం ఆపనేలేదు, ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఇన్నేళ్లలో ఇలా ఎన్నడూ జరగలేదు. ఓటో ఉంటే తోలు తీసేవాడు.

ఫోను మోగింది.

"అర్లీన్, నేను హెర్మన్‌ని. నా పాట వెయ్యి తల్లీ."

అలవాటుగా చెయ్యి బీరువా వైపు వెళ్లి, మధ్యలోనే ఆగింది. హెర్మన్ చావు కబురు కోతల కాలంలో తనే చదివింది. ఆ పాటా తనే వేసింది...

ఫోను పెట్టేసింది. మళ్లీ మోగింది.

"ఏమే, నన్ను మర్చిపోయావా? డోరిస్‌ని." ప్రతి పండక్కీ కొలాచీలని తీపి రొట్టెలు కాల్చి పంపిన డోరిస్. పోయి రెండేళ్లు. "నాకూ వేశావటగా పాట? పగలు వేస్తే మాకెలా వినబడుతుందే? ఇవాళ్టికి అందింది నీ రేడియో, ఇంత దూరం."

ఫోను పెట్టీ పెట్టగానే మళ్లీ మోగింది.

"అర్లీన్..."

లాడ్. ఇంట్లో ఫోను ఉన్నది వంటింట్లో. ఆయన మంచం దిగి నెల దాటింది.

"ఎలా లేచావ్?" గుసగుసగా అడిగింది.

"లేవలేదే. అలిసిపోయాను. నా పాట వెయ్యి."

"వెయ్యను. రికార్డు లేదు."

"నీ సంచిలో ఉందిగా."

ఆమె రికార్డు తీసి బల్ల అంచుకేసి కొట్టింది. రెండు ముక్కలైంది. ప్రసారం మీట కిందికి లాగింది. ఎర్రదీపం ఆరింది. కోటు గుండీలైనా పెట్టుకోకుండా మంచులోకి పరుగెత్తింది.

ఇంట్లో పొరుగింటి వెర్నా పొయ్యి దగ్గర సూపు కలుపుతోంది.

"ఎలా ఉన్నాడు?"

"నిక్షేపంలా ఉన్నాడు. ఇందాక నాలుగు చెంచాలు తాగాడు కూడా."

"మంచం దిగాడా? ఫోను చేశాడా?"

"ఏం చోద్యమే! పక్కకు తిరగాలంటే నేను పట్టుకోవాలి."

అర్లీన్ కుర్చీలో కూలబడింది. ప్రాణం లేచి వచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బతికే ఉన్నాడు. ఇక నిద్రపోవచ్చు.

"అది సరే గానీ," అంది వెర్నా, సూపు రుచి చూస్తూ, "ఇంత తొందరగా ఎలా వచ్చావ్? ఇప్పటిదాకా రేడియోలో మాట్లాడుతూనే ఉన్నావు కదా?"

పడకగదిలోంచి ఒక గొంతు వినబడుతోంది. అలిసిన గొంతు. తన గొంతే.

"...చీకటి పడింది. ఇక మనకేం తొందర? లాడ్ అడిగిన పాట ఇదిగో."

వాల్ట్జ్ మొదలైంది. మొదటి చరణంలో ఆ రికార్డుకున్న గీత దగ్గర చిన్నగా టక్కుమంది.

అర్లీన్ గదిలోకి ఉరికింది. రేడియో మీట తిప్పింది. ఆగలేదు... మళ్లీ తిప్పింది. లాడ్ కళ్లు తెరిచే ఉన్నాయి. దుప్పటి మీద వేళ్లు తాళం వేస్తున్నాయి.

"ఉండవే," అన్నాడు మెల్లగా. "అయిపోనీ."

ఆమె ఆ వేళ్లను రెండు చేతులతో పట్టుకుంది. గుప్పిట్లో అవి కాసేపు ఆడాయి. తర్వాత నెమ్మదించాయి. పాట ఇంకా కొంచెం ఉండగానే ఆగిపోయాయి.

పాట పూర్తయ్యాక రేడియోలో తన గొంతే ఆవలించింది.

"అమ్మయ్య. ఇక ఒక్కటే మిగిలింది."

వంటింట్లో ఫోను మోగింది.

"అర్లీన్!" కేకేసింది వెర్నా. "ఫోను నీకే. స్టేషన్ నుంచి ఎవరో ఆవిడ. నీ పాటేదో చెప్పమంటోంది."